పందిట్లో రెండు కెమెరాలు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలకు పెళ్లి ఫోటోలు తీసే పని పడి ఉండదు. పడి ఉంటే ఆ సామెతకు మూడో ముక్క కూడా కలిపేవారు. సినిమావాళ్లకు రీటేకులుంటాయి. పెళ్లిలో మరోసారి జీలకర్ర బెల్లం పెట్టమని ఎవరిని అడుగుతాం?

రిటైరయ్యాక పక్షుల ఫోటోలు తీసుకుంటూ కాలక్షేపం చేస్తున్న నాకు, మాఘమాసంలో మా అక్క మనవరాలి పెళ్లి ఫోటోల బాధ్యత వచ్చి పడింది. స్టూడియో వాళ్లకు వీడియో మాత్రం ఇచ్చారు. ఫోటోలు మా తమ్ముడే తియ్యాలని అక్క పట్టుబట్టింది.

ఆ పట్టుదలకు కారణం ఉంది. అక్క పెళ్లి 1975లో అయింది. నాన్నగారి స్నేహితుడు తన కెమెరాతో ఒక్క రీలు తీశారు. ఆ రకం రీలుకు పన్నెండే బొమ్మలు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు అక్కావాళ్లు డాబా ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆల్బమ్, నెగెటివులు ఉన్న ట్రంకుపెట్టె కొట్టుకుపోయింది. పదేళ్ల కిందట బావ కూడా పోయారు. పెళ్లిబట్టల్లో ఆయన ఎలా ఉండేవారో పిల్లలకు చూపించడానికి ఒక్క బొమ్మ లేదు.

పెళ్లికి ఏ కెమెరా మంచిదని చాలామంది అడుగుతుంటారు. ముందు ముహూర్తం ఎప్పుడు, ఎక్కడ అన్నది చూసుకోవాలి. మాది తెల్లవారుజామున నాలుగింటికి, ఇంటిముందు తాటాకు పందిట్లో. కల్యాణమండపంలో అయితే ఫ్లాష్‌ను తెల్లటి పైకప్పు వైపు తిప్పితే వెలుగు మెత్తగా కిందికి దిగుతుంది. తాటాకులు ఆ వెలుగును మింగేస్తాయి. కాబట్టి లెన్స్ మీదే ఆధారపడాలి. ఎఫ్ 5.6 దగ్గర వచ్చే వెలుతురుకు ఎఫ్ 2.8 దగ్గర నాలుగు రెట్లు వస్తుంది. పక్షుల కోసం కొన్న పొడవాటి లెన్స్ అక్కడ ఎందుకూ పనికిరాదు.

అందుకని కొత్త కెమెరా జోలికి పోలేదు. ఉన్నదానికి జతగా అలాంటిదే మరొకటీ, 24-70 ఎంఎం లెన్సూ విజయవాడలో అద్దెకు మాట్లాడాను. రెండో కెమెరాకు నా దగ్గరున్న 85 ఎంఎం లెన్స్ ఉంటుంది. తలంబ్రాల బియ్యం ఎగురుతుండగా లెన్స్ విప్పి మార్చడం తెలివైన పని కాదు కదా! పైగా ఒకటి మొరాయించినా రెండోది ఉంటుంది.

వీడియో వాళ్ల లైట్లతో ఇంకో తంటా. కొన్ని చవకరకం ఎల్ఈడీ దీపాలు మన 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు వందసార్లు మిణుకుమంటాయి. కంటికి తెలియదుగానీ ఫోటోలో చారలు పడతాయి. షట్టర్‌ను 1/100 సెకనుకు పెడితే చాలావరకు ఆ బెడద తప్పుతుంది. ఇక మధుపర్కాలు తెల్లనివి. వెలుగు కాస్త ఎక్కువైతే నేత కనిపించకుండా పోతుంది. అందుకే కొంచెం తగ్గించే తీయాలి.

నిలబడే చోటు కోసం ఇంట్లోనే రిహార్సల్ వేశాం. మా ఆవిడ, పక్కింటి కుర్రాడు దుప్పటిని తెరసెల్లలా పట్టుకున్నారు. ఎదురుగా నిలబడితే ఒక మొహమే కనిపిస్తుంది. తెర అంచుకు సూటిగా, పక్కనుంచి తీస్తేనే ఇద్దరూ పడతారు. పురోహితుడిగారితో, వీడియో అబ్బాయితో మాట్లాడి ఆ రెండడుగుల జాగా నాకోసం ఉంచమన్నాను. ఫోన్లు ఎత్తి పట్టుకుని వచ్చే బంధువులను ఆపే పని మా అబ్బాయిది.

ప్రతి ఫోటో ఒకేసారి రెండు కార్డుల్లోకి ఎక్కేలా కెమెరాలో ఏర్పాటుంది. ఆ రోజే రెండు హార్డ్‌డిస్కుల్లోకి కాపీ చేస్తాను. ఒకటి నా దగ్గర, ఒకటి పెళ్లికూతురితో హైదరాబాదుకు. రెండూ ఒకే ఇంట్లో ఉండకూడదు. ఉప్పెన చూసిన ఇల్లు మాది.

మొన్న అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, ఫోన్లో చూపించి మళ్లీ లాక్కోవద్దు. చేత్తో పట్టుకునే బొమ్మలియ్యి" అంది. ఎన్ని కావాలక్కా అంటే, "పన్నెండు చాలు" అంది.

ఆ పన్నెండూ మూడు సెట్లు కడిగించి మూడు ఊళ్లలో పెట్టాలనుకుంటున్నాను.