అరేబియా గాలి, బంగాళాఖాతం మూత

గోవా నుంచి
అక్కయ్యకు,

సముద్రానికీ గాలికీ మధ్య వాయువుల రాకపోకలను తేల్చేవి రెండు. వాయువు పీడనం నీటిలో ఎక్కువైతే అది పైకి పోతుంది, గాలిలో ఎక్కువైతే నీటిలోకి దిగుతుంది. ఎంత జోరుగా అన్నది గాలి చేతిలో ఉంది: గాలి వేగం రెట్టింపైతే ఈ మార్పిడి దాదాపు నాలుగింతలవుతుంది. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు నాలుగో వంతును సముద్రాలు ఇలాగే మింగుతున్నాయి. అది తరచూ వినే మాటే. నైట్రస్ ఆక్సైడ్ గురించి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ. భూమిని వేడెక్కించడంలో నూరేళ్ల లెక్కన ఒక కిలో నైట్రస్ ఆక్సైడ్ సుమారు 270 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం.

అరేబియా సముద్రం మీద నుంచి
అక్కయ్యకు,

ఇక్కడ సుమారు 150 నుంచి 1000 మీటర్ల లోతు దాకా ఆక్సిజన్ నామమాత్రం. పైనుంచి రాలే ప్లవకాల శేషాలను కుళ్లబెట్టే బ్యాక్టీరియా ఆ కాస్తా వాడేసి నైట్రేట్ మీద పడుతుంది. నైట్రేట్ నైట్రోజన్‌గా మారే దారిలో నైట్రస్ ఆక్సైడ్ ఒక మజిలీ. నైరుతి రుతుపవనాల్లో పశ్చిమ తీరం వెంట అడుగునీరు పైకి ఉబికినప్పుడు ఆ వాయువు గాలికి అందేంత దగ్గరికి వస్తుంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన నఖ్వీ బృందం 2000లో దీన్ని 'నేచర్' పత్రికలో వివరించింది.

ఈ వాయువును కొలవడానికి నీటి నమూనా పట్టడం చూసేవారికి చాదస్తంగా తోస్తుంది. లోతుల్లో నీరు నింపుకొన్న సీసాల చట్రం డెక్ మీదికి రాగానే, ఉప్పుదనం పరీక్ష కన్నా ముందు వాయువులకే నీళ్లు పడతారు. గొట్టాన్ని గాజుసీసా అడుగుకు ఆనించి పొర్లిపోయేదాకా వదులుతారు. ఒక్క బుడగ మిగిలినా లెక్క తప్పుతుంది. బ్యాక్టీరియా చచ్చేలా మెర్క్యూరిక్ క్లోరైడ్ వేసి, బిరడా బిగిస్తారు.

విశాఖపట్నం నుంచి
అక్కయ్యకు,

బంగాళాఖాతం తీరు వేరు. గంగా బ్రహ్మపుత్రలు, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు, పైన పడే వాన, ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటాయి. నైరుతి గాలి ఇక్కడా వీస్తుంది, కానీ ఆ తేలిక పొర కింది నీటిని పైకి రానివ్వదు. అందుకే ఇక్కడ వెలువడే నైట్రస్ ఆక్సైడ్ అరేబియా సముద్రంతో పోలిస్తే బాగా తక్కువ. తుపాను నీటిని కలియబెడితేనే ఆ పొర చెదిరేది. అయితే మూత వేసే గోదావరే వరద నెలల్లో తన ముఖద్వారం దగ్గర కార్బన్ డయాక్సైడ్‌ను భారీగా గాలికి వదులుతుంది. కొట్టుకొచ్చిన సేంద్రియ పదార్థం అక్కడ కుళ్లడమే కారణం. ప్రవాహం తగ్గే ఎండాకాలంలో ఆ విడుదల బాగా పడిపోతుంది.