అమ్మాయి పురుడు, డాబా మీద యాంటెన్నా

ఏడో నెలలో మా అమ్మాయిని పురిటికి తీసుకొచ్చాం. దాని మంచం, మందులు, రాజమండ్రిలో డాక్టరు, అన్నీ ముందే చూసుకున్నాను గానీ నెట్ సంగతి ఒక్కటీ నా బుర్రకి తట్టలేదండీ.

దానిది హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ప్రసూతి సెలవు 26 వారాలూ వీలైనంతవరకూ బిడ్డ పుట్టాకే వాడుకోవాలని దాని ఆశ. అప్పటిదాకా ఇంటి నుంచి పని చేసుకోమన్నారట, మీటింగుల్లో లైను మాత్రం తెగకూడదట. వాడపల్లిలో మా ఇల్లేమో ఊరికి కాస్త ఎడంగా, ఏటిగట్టు పక్క కొబ్బరితోటలో ఉంది. కేబులాయన్ని అడిగితే ఒక్క ఇంటి కోసం అంత దూరం లైను లాగలేనన్నాడు. హాల్లో ఫోనుకి ఒకే ఒక్క గీత. వానపడితే అదీ ఉండదు.

మూడోరోజు సాయంత్రం పాలు పట్టుకెళ్తే గదిలో పిల్ల లేదు. డాబా మీద నీళ్ళట్యాంకు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, లాప్‌టాప్ పిట్టగోడ మీద పెట్టుకుని మాట్లాడుతోంది. మా డాబా మెట్లకి ఒకవైపు పట్టుకోవడానికేం లేదు. "ఇక్కడైతే మూడు గీతలొస్తున్నాయమ్మా" అంది. రాత్రి మళ్ళీ ఎక్కింది, టార్చిలైటుతో. మర్నాడు కాఫీ తాగుతూ, "వచ్చేవారం వెళ్ళిపోతానమ్మా, నెలలు నిండాక వస్తాలే" అంది. అల్లుడు పొద్దున్న వెళ్తే రాత్రికొస్తాడు. అక్కడ దానికి ఎవరున్నారు?

కాకినాడలో చదువుతున్న మా అబ్బాయికి ఫోన్ చేసి ఏడ్చినంత పనిచేశాను. వాడన్నాడు, "డాబా మీద సిగ్నల్ ఉందిగా అమ్మా, దాన్ని కిందకి దింపడమే." సిమ్ వేసుకునే రౌటరొకటి, దానికి తగిలించే యాంటెన్నాలు రెండు, రెండు కేబుళ్ళు, 20 అడుగుల జి.ఐ. గొట్టం. నా చీటీ డబ్బుల్లోంచి తీశాను. "ఎందుకే ఇవన్నీ, పనిచేస్తాయా పెడతాయా" అన్నారు మావారు. పెట్టె విప్పి యాంటెన్నా చూడగానే మాత్రం ఆయన మొహం వెలిగిపోయింది. అచ్చం మన పాత దూరదర్శన్ యాంటెన్నాయే, కాస్త చిన్నది! 1987లో ఆదివారం రామాయణం కోసం ఆయన డాబా ఎక్కి తిప్పడం, కిందనుంచి "ఇంకొంచెం... ఆ, ఆ, పోయింది" అని అరవడం మీ ఇళ్ళల్లోనూ జరిగే ఉంటుంది. ఈ రకాన్ని 1926లోనే జపానులో యాగి, ఉడా అని ఇద్దరు కనిపెట్టారట.

డిష్‌లు బిగించే అబ్బాయిని పిలిచి గొట్టం నిలబెట్టించాను. గాలికి ఊగకుండా మూడు వైపులా తీగలు లాగి కట్టాడు. రెండు యాంటెన్నాల్నీ ఒకటి కుడికి, ఒకటి ఎడమకి 45 డిగ్రీలు వాల్చి బిగించాలని మావాడు చెప్పాడు. 4జి రెండు దారుల్లో వస్తుందట, దేని దారి దానికి ఉండాలట. ఊళ్ళోవైపు టవరుకి తిప్పి, 15 మీటర్ల సన్నకేబుల్ హాల్లోకి దింపి, రౌటరు పెట్టాం. ముందెలా ఉందో ఇప్పుడూ అంతే! మావారు ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

తప్పు కేబుల్‌దేనండీ. ఆ సన్నరకంలో మీటరుకి ఇంచుమించు ఒక డెసిబెల్ పోతుందట. మూడు డెసిబెళ్ళు పోతే సిగ్నల్ సగమైనట్టే. పైన యాంటెన్నా పట్టిందంతా కిందకొచ్చేసరికి గొట్టంలోనే ఆవిరి. అందుకని కేబుల్ కత్తిరించి రెండు మీటర్లు చేయించి, రౌటర్ని పైన మెట్లగదిలో పెట్టి, అక్కణ్ణుంచి మామూలు లాన్ కేబుల్ కిందకి దింపాం. హాల్లో మైనస్ 116 ఉండేది, రౌటర్లో మైనస్ 88 చూపించింది. మైనస్ తర్వాత అంకె ఎంత తగ్గితే అంత మంచిదట. "మైనసంటే అప్పేగా, తగ్గితే మంచిదే" అన్నారు మా అత్తగారు.

నాలుగు రోజులు హాయిగా ఉంది. శుక్రవారం రాత్రి మళ్ళీ అంతా ఆగిపోయింది. అంకె చూస్తే మైనస్ 88 అలాగే ఉంది! మా ఊరి సంగతి తెలిసినవాళ్ళకి ఈపాటికే అర్థమయ్యుంటుంది. ఏడు శనివారాలు, వారానికి ఏడు ప్రదక్షిణలు మొక్కుకున్నవాళ్ళు శుక్రవారం రాత్రికే వెంకన్న దగ్గరికి చేరడం మొదలెడతారు. అందరి చేతుల్లో ఫోన్లే. రోడ్డు ఎంత బాగున్నా బళ్ళన్నీ దాని మీదే ఉంటే ఎలా కదులుతాం? దానికేమో శనివారం తెల్లవారుజామునే ఏదో రిలీజ్ ఉంటుందట, వారం విడిచి వారం. స్వామిని తిట్టుకోలేను, భక్తుల్నీ తిట్టుకోలేను.

మావాడే ఇంకో ఉపాయం చెప్పాడు. ఈ యాంటెన్నా ఎటు తిప్పితే అటే ఎక్కువ వింటుంది కాబట్టి, గుడివైపు కాక గోదావరి అవతలి గట్టు టవరుకి తిప్పమన్నాడు. దూరమైనా మధ్యలో అంతా నీళ్ళే, అడ్డం ఉండదు. కొబ్బరాకుల్లో తడి సిగ్నల్ని తాగేస్తుందట. తోటలో ఉన్న మాకు ఆ కష్టం తెలుసు. ఏటివైపు కాస్త సందు ఉంది గానీ ఆ సందులో ఒక్క చెట్టు. మావారు పుట్టిన ఏడాది అత్తగారు నాటిన చెట్టు. "కొట్టించేద్దామా" అన్నారు మావారు మెల్లిగా, ఆవిడకి వినపడేట్టే. నాకు గుండె ఆగినంత పనైంది. కూతురి కోసమే అయినా ఆ మాట నేను అనలేను.

అత్తగారు కర్ర పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, చెట్టునీ డాబానీ మార్చి మార్చి చూశారు. "చెట్టు కొట్టడమెందుకురా? ఆ గొట్టాన్నే ఈ మూలకి జరపకూడదూ" అన్నారు.

డిష్ అబ్బాయి మళ్ళీ వచ్చాడు. ఈసారి కింద నేను, పైన మావారు. "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆ, అక్కడే, కదపకండి!" మైనస్ 97. ముందుకన్నా తక్కువే, కానీ కదులుతోంది. పనిలోపని పిడుగుల భయానికి ఉప్పూ బొగ్గూ వేసి గొట్టానికి ఎర్త్ కూడా తీయించాను. ఉరిమితే రౌటరు ప్లగ్గులన్నీ పీకెయ్యడం మావారి డ్యూటీ.

తర్వాతి శుక్రవారం రాత్రి నేను పడుకోలేదు. హాల్లో దాని వెనక దివాన్ మీద కూర్చుని వత్తులు చేస్తున్నట్టు నటించాను. ఏటిగట్టు రోడ్డు మీద బళ్ళు వస్తూనే ఉన్నాయి, "గోవిందా" అని కేకలు. మూడున్నరకి లాప్‌టాప్ మూసి, కాళ్ళు చాపుకుని, "అమ్మా, పెరుగన్నం ఏమన్నా ఉందా?" అంది.