డోన్ ఇంటి ముందర ఏ గడ్డి?

రమణా,

కొత్తింటి ముందర లాన్ వేయాలని, డాలస్‌లో మీ ఇంటి ముందున్న సెయింట్ ఆగస్టీన్ గడ్డే కావాలని రాశావు. అది ఇక్కడా దొరుకుతుంది, నర్సరీలవాళ్లు బఫెలో గడ్డి అంటారు. డోన్‌లో మాత్రం దాన్ని వేయించొద్దు. వెడల్పాటి ఆకు చూడ్డానికి బాగుంటుంది, నీడకూ ఓర్చుకుంటుంది కానీ నీళ్లు తగ్గితే నిలవదు. పైగా మనది సున్నపురాయి సీమ. సున్నం ఎక్కువైన మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు, ఆకు పసుపెక్కిపోతుంది. మీ డాలస్ నల్లమట్టిలోనూ ఆ గడ్డికి ఇదే జబ్బు. మీ నాయనతో కలిసి స్థలం చూసొచ్చాను. బండల ముక్కలు, సిమెంటు పెళ్లలు అట్లాగే పడున్నాయి. ఏ గడ్డి వేసినా ముందు జానెడు లోతు తవ్వించి అవన్నీ ఏరించాల్సిందే.

నీళ్ల లెక్క చూడు. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే ఒక లీటరు. మే నెల ఎండకు గడ్డి పచ్చగా నిలవాలంటే రోజుకు 5 మిల్లీమీటర్లన్నా పట్టాలి. నువ్వనుకున్న 100 చదరపు మీటర్లకు 500 లీటర్లు. జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు చాలన్న లెక్క పెట్టుకుంది. అంటే తొమ్మిది మంది నీళ్లు నీ గడ్డికే పోతాయి. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టిన వీధిలో పెరిగినోళ్లం. ఆ పని మనం చేయకూడదు.

అందుకే గరిక వేద్దాం. వినాయక చవితి పత్రిలో పెట్టే గరికే. అమెరికాలో బెర్ముడా అంటారే, అదే. రోజంతా ఎండ కాసినా తట్టుకుంటుంది, సున్నపు నేలకు జంకదు. మీ దగ్గర చలికాలంలో అది గోధుమరంగుకు తిరిగితే చచ్చిపోయిందని ఎవరూ పీకేయరు, ఏప్రిల్‌లో లేస్తుందని తెలుసు కాబట్టి. ఇక్కడ దానికి ఆ నిద్ర ఎండాకాలంలో వస్తుంది. పదిహేను రోజులకో తడి ఇస్తే నేలలోపలి వేరుకాండం బతికే ఉంటుంది, తొలివానకు చిగురేస్తుంది. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటు చేసిన రోళ్లపాడు అభయారణ్యానికి మే నెలలో పోయి చూడు, బీడంతా ఎండిపోయి ఉంటుంది. ఆగస్టులో మళ్లీ పచ్చన. మన సీమలో గడ్డి బతికే తీరే అది. మేలో ఎండిన లాన్ చూసి సిగ్గుపడొద్దని మీ అమ్మకు ముందే చెప్పు.

మరీ సన్నటి, ఒత్తైన గడ్డి కావాలంటే టిఫ్‌వే ఉంది. జార్జియాలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ రూపొందించిన సంకర గరిక, 1960లో విడుదలైంది. విత్తనం కాయదు, పిలకలే నాటాలి. మైదానాలకు గొప్పది గానీ తరచుగా కోత, ఎరువు అడుగుతుంది. ఈ వయసులో మీ నాయన మిషన్ తోస్తాడా? కొరియన్ గడ్డికి కోత తక్కువ, మెత్తగా ఉంటుంది, కానీ నిదానంగా పాకుతుంది. ఒకచోట బోసిపోతే పూడడానికి నెలలు పడుతుంది.

గరిక పిలకలకు డబ్బు పెట్టే పనిలేదు. వేరుశనగ చేలల్లో రైతులు ఏరి గట్టు మీద పారేసేదే తెచ్చుకోవచ్చు. భయమల్లా తుంగతోనే. గడ్డ ఒక్కటి మిగిలినా మళ్లీ మొలుస్తుంది. తవ్వి, దిబ్బెరువు కలిపి, ఒక తడి పెట్టి, మొలిచిన తుంగను గడ్డతో సహా పీకించాలి. ఇది రెండుసార్లు చేస్తే మంచిది. ఆ తర్వాత జూలై వానల్లో జానెడుకు రెండు పిలకల లెక్కన నాటిద్దాం. కోసేటప్పుడు పొడవులో మూడోవంతుకు మించి తీయకూడదు.

యాపచెట్టు కింద గరిక రాదు, దానికి ఎండ కావాలి. అక్కడ మట్టినేల అట్లాగే వదిలెయ్, మంచం వేసుకోను బాగుంటుంది. 100 చదరపు మీటర్లు కూడా వద్దు. గేటుకు తూర్పు పక్క 30 చదరపు మీటర్లు చాలు, పొద్దుగూకులూ ఎండ తగిలేది అక్కడే. తవ్వే మనుషులతో నేను మాట్లాడతాను. ప్రహరీకి, మెట్లకు మధ్య కొలతలు ప్లానులో చూసి పంపు.

నీ
సుబ్బు