ద్వితీయ శ్రేణిలో ఒక యేడు

మా పేటలో ఫుట్‌బాలును గూర్చి మాటలాడువారు అరుదు. షోలాపురము క్రికెట్టునకు చెవి కోసికొను పట్టణము. 1926వ సంవత్సరమున పాలీ ఉమ్రీగర్ ఈ యూరనే పుట్టెనని మా బాల్యమున ఒక ఉపాధ్యాయుడు ఏటేట చెప్పుచుండెడివాడు. మేమును ఏటేట క్రొత్తగా విన్నట్లు వినుచుంటిమి. సాంచెల చప్పుడు నడుమ, రెండు గోడల సందున, రబ్బరు బంతితో ఆడుకొనుటకు క్రికెట్టే అనువైనది. ఫుట్‌బాలునకు మైదానము కావలెను. తూర్పు భాగమున మైదానమెక్కడిది? కాస్త ఖాళీ స్థలమున్నచోట రంగు వేసిన నూలు ఆరవేయుదురు.

అట్టి మా యింట 2023 అక్టోబరు మొదలు 2024 మే వరకు జర్మనీ దేశపు ఫుట్‌బాలు, అందునను ద్వితీయ శ్రేణి ఫుట్‌బాలు, వారము వారము చర్చకు వచ్చినదనిన చదువరులు నవ్వవచ్చును. దానికి కారణము మా అక్క కొడుకు. అతడు తెలుగు బడిలోనే పదవ తరగతి వరకు చదివి, పిమ్మట మరాఠీతోను ఆంగ్లముతోను కుస్తీ పట్టి, బట్టల తయారీ విద్యలో పట్టము పుచ్చుకొని, 2022వ సంవత్సరమున పై చదువునకై జర్మనీ వెళ్లెను. చేరిన యూరు మోన్షెన్‌గ్లాడ్‌బాఖ్. ఆ పేరు పలుకుటకు మా అక్క పది దినములు యత్నించి, కడకు ‘బాఖూరు’ అని తేల్చినది. ఇరుగుపొరుగువారికి నేటికిని అది బాఖూరే. దాని సమీపముననే క్రేఫెల్డ్ అను మరియొక పట్టణము కలదు. పూర్వము పట్టును, మఖమలును నేసినందున దానికి పట్టు మఖమలుల యూరను బిరుదు నేటికిని నిలిచియున్నది. ఈ సంగతి ఫోనులో విన్ననాడు మా బావ, “అయితే మనోళ్ల ఊరే అన్నమాట” అని తృప్తిపడెను. దినమునకు పండ్రెండు గంటలు తువాళ్ల సాంచెల నడుమ నిలిచియుండు మా బావయు, గడపలో కూర్చుండి బీడీలు చుట్టు మా అక్కయు బ్యాంకు అప్పు కాగితములపై చేవ్రాళ్లు చేసి అతనిని పంపియుండిరి. ఆ అప్పు ఎంతయో నేను వ్రాయను; మా అక్కకు నచ్చదు.

మోన్షెన్‌గ్లాడ్‌బాఖున పేరెన్నికగన్న ప్రథమ శ్రేణి జట్టు కలదు. మావాడు దాని ఆట చూడలేదు. టిక్కెట్టు వెల చూచినాడు. ఇంతలో ప్రక్కనున్న డ్యూసెల్డార్ఫ్ నగరపు జట్టు ఒక వింత పని చేసినది. దాని పేరు ఫోర్టూనా; 1895లో పుట్టిన పాత సంఘము; అప్పటికి ద్వితీయ శ్రేణిలో ఆడుచున్నది. ఆ యేట తమ మైదానమున జరుగు ఆటలలో మూడింటికి ప్రేక్షకులను ఉచితముగా రానిచ్చెదమనియు, ఆ వ్యయమును కొన్ని వ్యాపార సంస్థలు భరించుననియు వారు ప్రకటించిరి. స్థలము ఏబదివేల పైచిలుకు మందికి. అడిగినవారు లక్షకు పైగా. అందుచేత చీట్లు తీసిరి.

“మామా, ఫుకట్‌ల టికెట్ దొరికింది! చీటీల నా పేరొచ్చింది” అని మావాడు ఫోను చేసెను. షోలాపురపు తెలుగున ‘ఫుకట్’ అను మాటకున్న తీపి ఎట్టిదో మన పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

2023 అక్టోబరు 21, శనివారము. ఎదుటి జట్టు కైజర్స్‌లౌటర్న్. చూచుచుండగనే వారు మూడు గోలులు కొట్టిరి; ఫోర్టూనాకు సున్న. మావాడు, “మామా, ఫుకట్‌ల వచ్చినందుకు ఇదే శాస్తి” అని సందేశము పంపెను. మరి కొంతసేపటికి సందేశములు నిలిచిపోయినవి. తరువాత ఒక్కటే వచ్చినది: నాలుగు, మూడు. ఫోర్టూనా నాలుగు గోలులు తిరిగి కొట్టి గెలిచినది. ఆ దినము మొదలు అతడు ఆ జట్టు మనిషియైనాడు. అతని వలన నేను. నా వలన, ఇష్టము లేకయే, మా బావ.

ద్వితీయ శ్రేణి యనగా నేమో మా బావకు చెప్పుట సులభము కాలేదు. ఆ శ్రేణి 1974లో ఏర్పడినది. అందు 18 జట్లు. ఒక్కొక్కటి 34 ఆటలాడును. ఏడాది కడపట మొదటి రెండు జట్లు నేరుగా ప్రథమ శ్రేణికి ఎక్కును. పై శ్రేణిలోని అట్టడుగు రెండు దిగును. మూడవదానికి మాత్రము ఇంకొక పరీక్ష: పై శ్రేణిలో 16వ స్థానమున నిలిచిన జట్టుతో రెండు ఆటలాడి, గెలిచిననే ఎక్కవలెను. క్రింది కొసనను ఇట్టి యెక్కుదిగుళ్లే. మా బావ అంతయు విని, “మూడోది ఏం పాపం చేసింది? రెండోదానికి లేని పరీక్ష దానికెందుకు?” అనెను. నేను సమాధానము చెప్పలేకపోతిని.

జనవరిలో ఫోర్టూనా కొంత తడబడినది. ఆ శ్రేణికి అగ్రగామియైన హాంబుర్గు నగరపు సాంక్ట్ పౌలీ జట్టు ఉచితపు ఆటలలో రెండవదానికి వచ్చి గెలిచి పోయినది. మూడు దినములకే జర్మన్ కప్పు పోటీలో ఫోర్టూనా వారి యింటికే పోయి, ఆట సమముకాగా పెనాల్టీలతో గెలిచినది. పెనాల్టీలలో ఈ జట్టుకు తిరుగులేదని మావాడు నాడు గర్వించెను. ఆ మాటను గుర్తుంచుకొనుడు.

ఫిబ్రవరి నెలాఖరున అతడు నాకొక్కనికే ఫోను చేసెను. ఆట మాట లేదు. గణితముతో కూడిన ఒక విషయమున రెండవ పర్యాయము తప్పితిననియు, మూడవది కడపటి అవకాశమనియు, అదియు తప్పినచో ఆ చదువు అంతటితో ముగియుననియు చెప్పెను. “అమ్మకు చెప్పకు మామా. జూలైల రాస్త. పాసైనంక నేనే చెప్త.” నేను సరేనంటిని. ఉపాధ్యాయుడనై యుండియు సరేనంటిని. ఆ దినము మొదలు మా అక్క “పిల్లగాడు మంచిగ చదువుతున్నడా?” అని అడిగినప్పుడెల్ల నేను ఫోర్టూనా సంగతి ఎత్తుచుంటిని. జట్టు ఆ వసంతమున చక్కగా ఆడుచుండుట నాకు మేలైనది. క్రిస్టోస్ జోలిస్ అను గ్రీకు యువకుడు ఆ యేట ఆ శ్రేణిలో 22 గోలులు కొట్టెను. ఎన్ని గోలులైనను అబద్ధమును ఎంతకాలము కప్పును?

ఏప్రిలు చివర, పరీక్షలైన పిమ్మట, తొమ్మిదవ తరగతి వారికి ఈ శ్రేణుల యేర్పాటును నల్లబల్లపై గీసి చూపితిని. ఒక బాలుడు లేచి, “సార్, మన హైదరాబాద్ టీం ఏ మెట్టు మీదున్నది?” అనెను. మన హైదరాబాదు! అతని ముత్తాత కరీంనగరునుండి వచ్చినవాడు. ఆ బాలుడు హైదరాబాదును ఒక్క పెండ్లికై చూచినవాడు. ఐనను ‘మన’ యనుటలో తప్పులేదు.

సమాధానము విచిత్రముగ నుండెను. ఆ యేట హైదరాబాదునకు రెండు జట్లు. ప్రథమ శ్రేణియగు ఇండియన్ సూపర్ లీగున హైదరాబాదు పేరుగల జట్టు 2022 మార్చిలో విజేత. రెండేండ్లలోనే ధనాభావముచే ఆటగాండ్రు చెదరిపోగా, 2023-24లో ఒక్క ఆట మాత్రమే గెలిచి, 8 పాయింట్లతో 12 జట్లలో కడపటిదైనది. ద్వితీయ శ్రేణియగు ఐ-లీగున శ్రీనిధి దక్కన్ జట్టు 48 పాయింట్లతో రెండవ స్థానమున నిలిచినది. ముందటి యేడును రెండవదే. మన దేశమున పైకి పోవునది ఒక్క జట్టే. 2023లో పంజాబు జట్టు పోయినది. 2024లో 52 పాయింట్లతో కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్. ఇక పై శ్రేణినుండి క్రిందికి దిగుట యను నియమము అప్పటికి లేనేలేదు. కావున ఒకే నగరమున కడపటివారు దిగరు, రెండవవారు ఎక్కరు.

“ఇద్దరు జాగలు మార్చుకుంటే అయిపోతుండె గద సార్” అని ఆ బాలుడనెను. నాకును అట్లే తోచినది. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో మన దేశమునకు స్వర్ణము తెచ్చిన జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీము హైదరాబాదువాడే, నావలె బడిపంతులే. అట్టి నగరమునకు ఇట్టి ప్రతిష్టంభన పట్టుట బాధాకరము. జర్మనీవారి నియమము కఠినమేగాని, దానిలో దిగువానికిని ఎక్కువానికిని తలుపు తెరిచియుండును.

మే 19 నాటికి లెక్క తేలినది. సాంక్ట్ పౌలీ 69, హోల్‌స్టైన్ కీల్ 68, ఫోర్టూనా 63. మూడవ స్థానము! మా బావ అడిగిన పాపపు ప్రశ్న మరల వచ్చినది. ఎదుట నిలిచినది పై శ్రేణిలో 16వదైన బోఖుమ్. మే 23న బోఖుమ్ మైదానముననే ఫోర్టూనా మూడు గోలులతో గెలిచినది. అందు మొదటిది బోఖుమ్ ఆటగాడు ఫిలిప్ హోఫ్‌మన్ పొరపాటున తన గోలులోనికే పంపిన బంతి. ఇక రెండవ ఆట నామమాత్రమే యని మేమందరమును నిశ్చయించితిమి.

మే 27, సోమవారము. అచ్చట రాత్రి ఎనిమిదిన్నర యైనప్పుడు మనకు నడిరేయి. మేడపై చాపలు పరచుకొని, నీళ్లు చల్లిన నేల ఇంకను సెగలు గ్రక్కుచుండగా, బావయు నేనును చేతి ఫోనులో చూచుచుంటిమి. మావాడు డ్యూసెల్డార్ఫున మైదానముననే యుండెను. ఈసారి డబ్బిచ్చి కొన్న టిక్కెట్టు. నాలుగు దినముల క్రిందట తన గోలులో తానే వేసికొన్న ఆ హోఫ్‌మనే రెండు గోలులు కొట్టెను. మూడవది పెనాల్టీ. మొత్తము సమము. అదనపు అరగంటలో ఎవరును కొట్టలేదు. పిమ్మట పెనాల్టీలు.

డ్యూసెల్డార్ఫున జపానువారు వేలకొలది కలరు; తమ పిల్లలకు తమ భాషలో చదువు చెప్పు బడి కూడ వారికి కలదు. మావాడు ఆ వీథులకు పోయి అన్నము తినునట. ఆ రాత్రి కడపటి బంతి జపాను యువకుడైన తకాషి ఉచినో వంతునకు వచ్చినది. అది గోలు కమ్మి పైనుండి పోయినది. ఐదు, ఆరు. బోఖుమ్ పైననే నిలిచినది.

అర్ధగంటకు మావాడు ఫోను చేసెను. ఏడ్చుచుండెను. ఆటకై కాదని నాకు తెలిసినది, బావకు తెలియలేదు. “మామా, నా సంగతి గూడ గిట్లనే అయితది. మూడోసారి గూడ పోతది” అనెను. ఫోను గట్టిగా పలుకుచుండెను. మెట్ల మీద మా అక్క నిలిచియుండెను, ఎప్పుడు వచ్చెనో.

“ఏంది మూడోసారి?” అని అడిగినది. చెప్పితిని. అంతయు చెప్పితిని.

ఆమె నావంక చాలసేపు చూచి, “ఫిబ్రవరినుంచి నీకెరికేనా?” అనెను. తరువాత ఫోను తీసికొని కొడుకుతో, “ఆ ఆటోళ్లు మళ్లొచ్చే యాడాది ఆడతరా?” అని అడిగినది. ఆడెదరని అతడు చెప్పెను. “నీకు జూలైల ఉన్నది గద. వాళ్లకంటె ముందే ఉన్నది. పోయి పండుకో.” అంతే. నాతో మాత్రము ఆరు దినములు మాటలాడలేదు. అది న్యాయమే.

జూలైలో అతడు పరీక్ష వ్రాసెను. ఆగస్టులో ఫలితము వచ్చినది: నాలుగు. మా అక్క నూటికి నాలుగనుకొని కూలబడినది. ఆ దేశమున అంకె తగ్గినకొలది మేలనియు, నాలుగు ఉత్తీర్ణతకు కడపటి అంకె యనియు మావాడు వివరించుటకు పావుగంట పట్టెను. ఆమె ఆ దినము ఎప్పటివలెనే బీడీల లెక్క పూర్తిచేసి, సాయంకాలము మార్కండేయుని గుడికి పోయి వచ్చినది.

ఫోర్టూనా మరల ద్వితీయ శ్రేణిలోనే ఆడినది. 2025 మే నెలలో ఆ యేటి ఆటలు ముగిసిన దినమున మా అక్క తానై అడిగినది: “ఆ జట్టు ఏమైంది?” ఆరవ స్థానమని చెప్పితిని. “కిందికి పడలే గద” అని ఆకులు కత్తిరించుటలో మునిగిపోయినది.