మా యింటి పాత జీపు

పాతవస్తువులను పారవేయుటయు సులభమే. వానిని కదలింపక మురిసికొనుచుండుటయు సులభమే. ఏది యుంచవలయునో, యేది మార్చవలయునో యెఱుగుటయే కష్టము. ఈ సంగతిని మాకు మా యింటి పాత జీపు బోధించినది. మోటారుబండి మరమ్మతు పురుషుల పని యని సోదరీమణు లీ పుటను త్రిప్పివేయకుందురు గాక.

జీపు రెండవ ప్రపంచయుద్ధమున పుట్టినది. 1941 మొదలుకొని విల్లీసు, ఫోర్డు కర్మాగారములలో అమెరికా సైన్యమునకై ఆఱు లక్షలకు పైగా తయారైనవి. యుద్ధానంతరము మహీంద్రావారు విల్లీసు జీపులను మనదేశమున కూర్చి యమ్మసాగిరి. మా బండి యా వంశములోనిదే. విల్లీసువారు 1953లో వెలువరించిన 'సీజే 3బీ' అను మాదిరి. ఇందు ఇంజనులోనికి గాలిని పంపు వాల్వులను పైభాగమున నమర్చుటచే ఇంజను ఎత్తు పెరిగినది. అందువలన బానెట్టును ఎత్తుచేయవలసి వచ్చినది. అమెరికాలో 1968లో దీని తయారీ నిలిచిపోయినను, మనదేశమున నటుతరువాత ననేక సంవత్సరములు సాగినది.

మా మామగారు పొలము పనులకై దీనిని కొనిరి. వారు గతించిన పిదప నెనిమిదేండ్లు గడ్డివామి ప్రక్క సావడిలో పడియుండెను. పాతయినుము కొనువాడు వచ్చి తూకమునకు వెలకట్టెను. మా మఱదులు అమ్ముద మనిరి. మా అత్తగారి నడుగగా, "అమ్మిన నమ్ముడు. ఉంచినచో మాత్రము నా మనుమ లెక్కదగినట్లుగా నుంచుడు. బొమ్మవలె నిలుపవద్దు" అనిరి. ఆ మాటయే మాకు కొలబద్ద యయ్యెను.

ముందుగా బండిని విప్పుట. తుప్పుపట్టిన మరలకు ముందురాత్రియే నూనె పోసి నానబెట్టితిమి. ఏ భాగమునుండి తీసిన మరల నా భాగము పేరు వ్రాసిన పాత పచ్చడి సీసాలలో వేసితిమి. మేస్త్రి తొలుత నవ్వెనుగాని, తిరిగి బిగించునాడు ఒక్క మరయైనను వెదకుకొనవలసిన పని లేకపోయెను. కేవలము జాకీపై లేపిన బండిక్రింద నెవ్వరును దూరరాదని నియమము పెట్టి, గట్టి యినుప స్టాండ్లు తెప్పించితిమి.

పిల్లలున్న యింట ముఖ్యముగా జాగ్రత్తపడవలసిన విషయములు రెండు. పూర్వపు రంగులలో సీసము కలియుట కలదు. దానిని పొడిగా గీకినచో లేచు ధూళి పసిపిల్లల మెదడునకు హాని చేయును. కావున పిల్లలను దూరముగా నుంచి, నీట తడిపిన ఉప్పుకాగితముతో రుద్ది, ఆ పనిలో కట్టిన బట్టలను వేరుగా నుదికితిమి. రెండవది బ్రేకుల ధూళి. పాత బ్రేకుషూలలో ఆస్బెస్టాసు వాడెడివారు. ఆ ధూళి ఊపిరితిత్తులలో చేరినచో అనేక సంవత్సరములకైనను క్యాన్సరునకు కారణము కాగలదు. మేస్త్రి నోటితో నూదబోవగా వారించి, తడిగుడ్డతో తుడిపించితిమి.

బ్రేకుల రబ్బరు వాషర్లు, పెట్రోలు గొట్టములు, విద్యుత్తీగలు కంటికి బాగుగనే కనబడినను నన్నిటిని మార్చితిమి. ప్రాణము లాధారపడిన చోట జాలి తగదు. కాని మేస్త్రి కుడివైపు మడ్గార్డు సొట్టను సైతము సరిచేసి, మెఱయు రంగు వేయుదు ననగా మా అత్తగారు వల దనిరి. అది మామగారు ధాన్యపుబస్తాలతో వచ్చుచు చింతమ్రానికి తగిలించిన సొట్ట. బండి నడకకు దాని వలన లోపము లేదు. అది అట్లే యున్నది.

ఈ బండికి నాలుగు చక్రములకును బలమిచ్చు మీట కలదు. దానిని బురదలోనే వాడవలయును. మలుపు తిరుగునపుడు ముందు చక్రములు వెనుక చక్రములకంటె నెక్కువ దూరము పోవును. బురదలో చక్రములు కొంత జాఱి యా భేదమును సర్దుకొనును. గట్టి తారురోడ్డుపై జాఱుటకు వీలు లేక ఆ బిగువంతయు గేర్లపై పడి వానిని చెఱచును. కుటుంబమునందును కష్టకాలమున నందఱు నొక్కటై లాగవలసినదే. తక్కిన కాలమున నొకరి కొకరు కొంత సందు విడువవలయు నని మా కప్పుడు తోచినది.

తుదకు వ్యయము పాతయినుము వెలకు మూడు రెట్లయ్యెను. మా మఱదులు లెక్క చూచి నిట్టూర్చిరి. 1988 నాటి మోటారువాహనముల చట్టము ననుసరించి సొంతబండ్లకు పదునైదేండ్ల పిదప ఐదేసి యేండ్ల కొకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరించుకొనవలయును. తనిఖీలో మా బండి నెగ్గెను. నాడు మా మఱదులే దానిని నడిపి యింటికి తెచ్చిరి. మా అత్తగారు మనుమల నిరుప్రక్కల కూర్చుండబెట్టుకొని పొలమువఱకు పోయి వచ్చిరి.

సోదరీమణులారా! మీ యింట పాతయంత్ర మేదైన నున్నచో, అమ్ముటయో యుంచుటయో మీ యిష్టము. ఉంచదలచితిరేని ముందు వ్యయము లెక్కించుకొనుడు. ప్రాణరక్షణకు సంబంధించిన దానిని క్రొత్తది చేయుడు. జ్ఞాపకమునకు సంబంధించిన దానిని ముట్టకుడు. ఈ రెండింటి భేదము నిర్ణయించునపుడు ఇంటి పెద్దముత్తైదువ మాట నడుగుట మఱవకుడు.