మురవ్వత్‌కూ ఓ ఖాయిదా

కాలు పట్టేసిన బ్యాట్స్‌మన్ బదులు ఇంకొకడు పరిగెత్తడం మా గల్లీ క్రికెట్‌లో మామూలే. వాణ్ని బై రన్నర్ అనేవాళ్లం. అంతర్జాతీయ మ్యాచుల్లో ఐసీసీ ఆ సహూలత్‌ని 2011 అక్టోబర్‌లో తీసేసింది. క్రికెట్ అసలు చట్టాల్లో మాత్రం ఇంకా ఉంది. వీలైతే ఆ రన్నర్ అప్పటికే బ్యాటింగ్ చేసేసినవాడై ఉండాలి. బ్యాట్స్‌మన్ లాగే ప్యాడ్లూ గ్లవ్స్‌లూ వేసుకోవాలి.

అమెరికా హైస్కూల్ బేస్‌బాల్‌లోనూ ఇలాంటివాడు ఉంటాడని మా భాంజా వల్ల తెలిసింది. పేరు కర్టెసీ రన్నర్. నేనైతే మురవ్వత్ రన్నర్ అంటాను. ఈ ఖాయిదాను ఒప్పుకున్న రాష్ట్రాల్లో దెబ్బ తగలాల్సిన పని కూడా లేదు. పిచ్చరో క్యాచరో బేస్ చేరితే చాలు, అక్కణ్నుంచి ఇంకొకడు పరిగెత్తవచ్చు. ఈలోగా క్యాచర్ మాస్కు, ఛాతీ కవచం, కాళ్ల కవచాలు తగిలించుకుంటాడు. పిచ్చర్ కాస్త దమ్ తీసుకుంటాడు. ఆటలో వక్త్ వృథా కాదు.

మామూలు సబ్‌స్టిట్యూషన్ ఇంత నరమ్ కాదు. మొదట దిగినవాడు బయటికెళితే ఒక్కసారే తిరిగి రాగలడు, అదీ బ్యాటింగ్ వరసలో తన పాత జాగాలోకే. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చినవాడు బయటికెళితే ఆ మ్యాచ్ వాడికి ఖతమ్.

"దూసరోంకే వాస్తే దౌడ్నేకూచ్ హై క్యా మేరా బచ్చా?" అని ఫోన్‌లో ఆపా. వేరేవాళ్ల కోసం ఉరకడానికేనా నా కొడుకు అని. దావత్‌లో అందరికీ వడ్డించి, దేగ్ అడుగంటాక దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చునే పిలగాడు ఆమె కళ్లలో మెదిలి ఉంటాడు.

ఖాయిదా పూరా చదివి ఆపాకు చెప్పాను. ఆ మ్యాచ్‌లో ఇంకే రకంగానూ ఆడనివాడే కర్టెసీ రన్నర్ కావాలి. పిచ్చర్ కోసం పరిగెత్తినవాడు క్యాచర్ కోసం పరిగెత్తకూడదు. పరిగెత్తిన ఆ సగం ఇన్నింగ్స్‌లో ఇంకెవరి బదులూ దిగకూడదు. ఆ తర్వాత దిగవచ్చు. అంటే, పరిగెత్తినందుకు వాడి హక్ ఖర్చయిపోదు.

క్రికెట్ బారీ అయిపోయినవాణ్ని పంపమంటుంది. బేస్‌బాల్ బారీ ఇంకా రానివాణ్ని పంపమంటుంది. ఈ షరతే లేకుంటే ఏ కోచ్ అయినా టీమ్‌లో అందరికన్నా తేజ్‌గా ఉరికేవాణ్నే ప్రతిసారీ పంపుతాడు. బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చునే ఉంటాడు.

మురవ్వత్‌ని పెద్దమనుషుల దిల్‌కి వదిలేస్తే అది వాళ్ల మనుషుల దాకానే చేరుతుంది. ఖాయిదాగా రాసిపెడితే బెంచీ చివర ఉన్నవాడికీ మైదాన్ దొరుకుతుంది. వాడు పరిగెత్తేది ఇంకొకడి బదులే కావచ్చు. దుమ్ము అంటేది మాత్రం వాడి బూట్లకే.