సీసాపై చీటి

జెఱ్ఱి కనబడిన తోడనే చెప్పు వెదకుట మన యిండ్లలో పరిపాటి. సంస్కృతమున శతపాది యని పేరున్నను దానికి సరిగా నూఱు కాళ్లు లేవు. మన గోడల ప్రక్కన దిరుగు పెద్ద జెఱ్ఱులకు సాధారణముగా 21 జతలుండును. జెఱ్ఱికి ఒక కాలు విఱిగిన లెక్కా యని సామెత. జాతులను నిర్ణయించు శాస్త్రజ్ఞునకు మాత్రము ప్రతి కాలును లెక్కయే. ముఖ్యముగా కడపటి జత కాళ్లపైనున్న ముండ్లను లెక్కించి అతడు జాతి నెఱుగును. ఆ కాలు ఊడి మరల మొలచినచో ముండ్ల లెక్క మాఱవచ్చును. కావున ఒకమాఱు పెట్టిన పేరును మరల పరీక్షింపవలసి వచ్చును.

లండను నగరమందలి ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలలో, 1928లో వియత్నామున బట్టిన జెఱ్ఱి యొకటి కలదు. దానిని తఱచుగా దొరకు వేఱొక జాతి దానినిగా నెంచి యుంచిరి. 2001లో జార్జి బెకలోని యను కీటకశాస్త్రజ్ఞుడు పెండ్లియైన క్రొత్తలో భార్యతో థాయిలాండునకు విహారార్థమేగి, యొక వాగు చెంత రాయి నెత్తి చూడగా పెద్ద జెఱ్ఱి బయటపడెను. అది అడవిలోనికి బోక నీటిలోనికి బాఱి, వాగు అడుగున పరుగిడెను. పట్టి నీళ్లలో నుంచగా మలుగుపామువలె మెలికలు తిరుగుచు నీదెను. పైకి దీయగా నీరు తామరాకుపై నుండి జాఱినట్లు జాఱిపోయెను.

తరువాత లావోసులో జలపాతముల దాపున మఱి రెండు దొరికెను. వాని డి.ఎన్.ఏ.ను పరీక్షించి, ఎడ్జ్‌కూంబ్, సిరివుట్, పన్హా అను మువ్వురు 2016లో దీనిని క్రొత్తజాతిగా బ్రకటించి, జలపాతమను నర్థము వచ్చునట్లు స్కోలోపెండ్రా కాటరాక్టా యని పేరిడిరి. వియత్నాము జెఱ్ఱియు నీ జాతిదే యని తేలెను. పట్టుబడిన 88 ఏండ్లకు దానికి తన పేరు దక్కినది.

ఇట్టి దిద్దుబాటు పూర్వులకు అవమానమని తలచువారున్నారు. మా తల్లిగారు స్వహస్తముతో వ్రాసి యంటించిన చీటీలు నేటికిని మా వంటయింటి సీసాలపై నున్నవి. ఆమె గతించి చాలకాలమైనది. ఒక చీటిపై మెంతులని యున్నది. లోపల నున్నవి ఆవాలు. అమ్మ వ్రాసినదిగదా యని మా యింటివారు ఆవాలను మెంతులని వాడుట లేదు. ఆ యక్షరములను చింపుటకును మాకు చేతులు రాలేదు. దాని క్రిందనే ఆవాలని వేఱొక చీటి యంటించితిమి.

ప్రదర్శనశాలల మర్యాదయు నిట్టిదే. పాత చీటిని బాఱవేయక, దానితోనే క్రొత్త నిర్ణయమును జేర్చి యుంతురు. అందుచే ఎవరెప్పుడేమి తలచిరో వెనుకటివారికి దెలియును.

1928నాటివారు దేహమును భద్రపఱచిరి. దొరకిన దేశమును, సంవత్సరమును వ్రాసియుంచిరి. పేరొక్కటే తప్పినది. దేహమే లేకున్నచో ఆ తప్పును దిద్దుటకు దారి యుండెడిది కాదు. అయినను సీసాలోని దేహము ఈదదు. అది నీటిప్రాణియను సంగతి వాగు ప్రక్కన రాయి నెత్తి చూచినవానికే తెలిసినది. మన బిడ్డలకు పెద్దలు పెట్టిన పేర్లను నేర్పుదము. మూత తీసి చూచుటకు సెలవు నిత్తము.